ముక్కు మీద దీపం

మల్కాపురం మెడికల్ షాపులో ఎల్లాజీ
మూడు ప్యాకెట్లు గాజు మీద పరిచాడు
పేకముక్కలు పంచినట్టు.
ఇది మామూలుది మేడమ్, ముప్పయ్యారు బిళ్లలు.
ఇది సన్నటి ముళ్లున్నది, రేటెక్కువ.
ఇయ్యి పసుప్పచ్చ చుక్కలు, కాలేజీ గుంటలు కొంటన్నారు.
నా వెనక బీపీ మాత్రలకొచ్చిన పెద్దాయన
నా మొహంలోకి ఒకసారి చూసి
మర్యాదగా ఫ్యాను వైపు తిరిగాడు.

నాకు ముప్పై నాలుగేళ్లు.
పదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెబుతాను.
పదిహేనప్పుడు, వయసన్నారు.
ఇరవైలో, పెళ్లయితే పోతాయన్నారు.
అయింది.
ఓ బిడ్డ పుడితే ఒంట్లో వేడి దిగిపోద్దన్నారు.
పుట్టింది. నా బుగ్గ మీద వేలు పెట్టి
ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్క నేర్చుకుంది.
పోయిన నెల మా పెద్దత్త నూకరత్నం
చింతపండు పిసుకుతూ తేల్చేసింది:
"ముట్లుడిగితే అయ్యే పోతాయిలేయే."

పాచినోటి ఉమ్మి రాశాను. వేపాకు నూరాను.
గంధం, శనగపిండి,
టూత్‌పేస్టు కూడా, సిగ్గేముంది.
మహారాణిపేట డాక్టరిచ్చిన మాత్రలు మింగి
ఐదు నెలలు పెదాలు పగిలాయి, అద్దం తెరిపిన పడింది.
ఆపిన కొన్నాళ్లకి గడ్డం కింద ఒకటి
ఇంటి తాళం తన దగ్గరే ఉన్నదానిలా
వచ్చి కూర్చుంది.

"తల తేలినదాన్నే పీలుస్తాది మేడమ్ ఇది,"
ఎల్లాజీ గొంతు తగ్గించాడు,
"లోపల్లోపల సలిపేదానికి అతికించినా దండగ."
అతను బిళ్లల గురించే అన్నాడు.
నేనే ఆ మాటని స్కూటీ దాకా మోసుకొచ్చాను.

మామూలుదే కొన్నాను. కనబడనిది.
రాత్రి మొహం కడిగి, తడి పూర్తిగా ఆరాక
ఎడమ బుగ్గన రెండు, ముక్కు కొసన ఒకటి,
వేలితో అదిమి పట్టి పది అంకెలు.
ఈ ఊళ్లో తడి ఆరడమంటే మాటలా.
సముద్రం మన చర్మంతో ఉమ్మడి కాపరం చేస్తుంది.
కిటికీ పట్టె మీద పొద్దున తుడిచిన నల్లధూళి
సాయంత్రానికి మళ్లీ అంతే మందాన.

తెల్లారేసరికి బిళ్ల ఉబ్బి
నానిన సగ్గుబియ్యం గింజ.
గోటితో అంచు లేపి, వెలుగుకి పట్టి చూస్తాను.
అసహ్యమే. అయినా చూస్తాను.
రాత్రంతా నాలోంచి ఏదో ఒకటి
గిల్లకుండా, గొడవ లేకుండా
బయటికొచ్చింది కదా.

ముక్కు మీదది తీయడం మర్చిపోయానొకరోజు.
రెండో పీరియడు. నీలి లిట్మస్ ఎర్రబడుతోంది.
చున్నీతో సగం మొహం కప్పుకుని కూర్చునే
మైలపల్లి లిఖిత
కాగితం వదిలేసి నన్నే చూస్తోంది.
గంట కొట్టాక గుమ్మం దగ్గర ఆగింది.
"మేడమ్, మీ ముక్కు మీద..."
"తెలుసు. బిళ్ల."
"పెద్దయ్యాక పోవా మేడమ్?"

పోతాయనాలి. నోరు రాలేదు.
కిటికీలో కొండ. డాల్ఫిన్ ముక్కంటారు,
దాని మీద లైట్‌హౌసు.
"ఈ ఊరికే ముక్కు మీద ఉంది చూడు," అన్నాను,
"అదీ రాత్రంతా వెలుగుతూ."
తను నవ్వలేదు. అంత గొప్ప జోకేం కాదు.

బ్యాగులోంచి ఆరు బిళ్లల వరస చింపి చేతిలో పెట్టాను.
తల తేలినవాటికే, మిగతావి గిల్లకు.
"మరి లోపలుండేవాటికి?"

మూడో పీరియడు పిల్లలు తోసుకొస్తున్నారు.
మధ్యాహ్నం స్టాఫ్ రూముకి రా, అన్నాను.
నిన్నటి చేపల పులుసు తెచ్చాను.
వేడి చేస్తుందంటారు.
చేస్తే చెయ్యనీ.