నూట పద్నాలుగో పలక

తెల్లవారి అయిదింకా కాలేదు.
పాంప్లోనా రాత్రి పాటని ఇంకా మింగలేదు, కక్కలేదు.
తూలుతున్న తెల్లచొక్కాల మధ్య
మేం దూలాలు మోస్తున్నాం.
"జరగండి నాయనా, జరగండి"
సటుర్నినో గొంతులోంచి రంపంపొట్టు రాలుతుంది.
"గార్బిన్యే, నంబరు చదువు."

చదువుతాను.
ప్రతి పలకకీ ఓ అంకె, ప్రతి గుంజకీ ఓ గుంట.
ఏడాదంతా ఇనుప మూతల కింద
నోరు మూసుకున్న గుంటలు
జూలై రాగానే ఆవులిస్తాయి.

కంచె రెండు వరసలెందుకని
చేరిన మొదటిరోజు అడిగాను.
"లోపలిది ఆబోతుకి, బయటిది మనుషులకి.
బయటిదే గట్టిగా బిగించు."

అమ్మమ్మ బ్లాసా చెప్పేది:
పండగ ఒకప్పుడు అక్టోబరులోనట.
వానలకి విసిగిన ఊరు
పునీత ఫెర్మీన్ని ఒప్పించి ఎండలోకి లాక్కొచ్చింది.
"ఆయన కిమ్మనలేదులే, తల ముందే తెగిందిగా!"
అని నవ్వి, వెంటనే సిలువ గీసుకునేది.

అప్పట్లో ఇది ఆట కాదు, పని.
బజారు లేవకముందే
పొలాల్లోంచి మందని తోలుకురావడం.
ముందు గుర్రమ్మీద ఒకడు,
వెనక కర్రలతో కాపరులు, కసాయి కుర్రాళ్ళ కేకలు.
అందరూ వెనకే.
ఏ ఉదయమో, ఏ కుర్రాడో,
పేరు ఏ కాగితంలోనూ లేదు,
వెనకనుంచి ముందుకొచ్చాడు.
ఊరు ఆ తప్పుని
మళ్ళీ దిద్దుకోలేదు.

నిన్న రాత్రి బూర ఊదారు.
నది ఒడ్డు దొడ్డి నుంచి
కొండవాలు దొడ్డికి ఆరు ఆబోతులు ఎక్కాయి.
ఆ కాసేపూ అరవకూడదు, ఫోటోకి వెలుగు మెరిపించకూడదు.
జనం ఊపిరిని
అప్పు తెచ్చిన డబ్బులా వాడుకున్నారు.
గిట్టల చప్పుడు. తర్వాత పేడ వాసన.
నాకు పండగంటే అదే.
మిగతాది టీవీకి.

ఎనిమిదికి అయిదు నిమిషాలు.
గోడగూట్లో చిన్న విగ్రహం.
చుట్టిన పేపర్లు పైకెత్తి కుర్రాళ్ళు
కాపాడమని పాడతారు, స్పానిష్‌లో, బాస్క్‌లో.
మూడోసారికి రాగం పోయి
అడగడం ఒక్కటే మిగులుతుంది.

తారాజువ్వ.

నేను కళ్ళు మూసుకుంటాను. చెవులకి రెప్పల్లేవు.
అరచేతి కింద నూట పద్నాలుగు వణికింది,
తర్వాత నూట పదిహేను.
వాన రేకులమీద నడిచి వెళ్ళిపోయినట్టు వెళ్ళింది.

కళ్ళు తెరిస్తే కాళ్ళ దగ్గర ఒకడు,
పలక కిందనుంచి దొర్లి వచ్చాడు.
పడ్డవాడు లేవకూడదని ఎవరో నేర్పినట్టున్నారు,
ఇంకా బోర్లానే ఉన్నాడు.
"అయిపోయిందా?"
"నీకు అయిపోయింది" అన్నాను.
వాటికి సాయంత్రం ఉంది.
దారి చూపే గంటల ఎద్దులు
రోజూ వెళ్తాయి, రోజూ తిరిగొస్తాయి.
ఆరూ తిరిగిరావు.
ఆ మాట అతనికి చెప్పలేదు.
మా ఇంట్లో కూడా చెప్పుకోం.

పలకమీద కొత్త గీత, వేలెడు లోతు.
"చిత్రిక పట్టనా?"
సటుర్నినో బొటనవేలితో తడిమాడు.
"వద్దు. నున్నగా ఉంటే
రేపు ఎక్కేవాడి కాలు జారుతుంది."

అవతల రొట్టెల బండి హారన్.
దారి ఇవ్వాలి.
చివరినుంచి మొదలుపెట్టాను:
నూట ముప్ఫై రెండు,
నూట ముప్ఫై ఒకటి,