తట్ట లెక్క

పది తట్టలకు ఒక చింతగింజ.
ఇదీ నా లెక్క.
గుండ్ల లెక్క, గుర్రాల లెక్క, ఆవలి గుడారాల లెక్క
బురుజు మీది గొంకయ నాయకుణ్ణి అడుగుండ్రి.
ఆయన లెక్కపెట్టుడు మానేసి నాలుగొద్దులాయె.

నేను ఉప్పరి బొల్లణ్ణి.
ఓరుగంటి మట్టికోటకు తూర్పు దిక్కు
నూరు బారల గోడ మా ఇంటోళ్లది.
మా తాత తొక్కిండు, మా నాయిన తొక్కిండు,
ఎర్రమట్టిల జొన్నచొప్ప కలిపి
ఎడ్లను తిప్పి తిప్పి నేనూ తొక్కిన.
లోపలి రాతికోటోళ్లు మమ్ముల జూసి నవ్వేది:
"మన్ను ఏం ఆపుతదిరా?"

రాయి పగులుతది. మన్ను మింగుతది.
వాళ్ల కొయ్య యంత్రం విసిరిన గుండు
రాతిగోడకు తాకితే పిడుగు,
మా గోడకు తాకితే ధప్పుమంటది,
పండుముసలోడు దగ్గినట్టు.
అంతే. గుండు లోపలనే ఉంటది.
పొద్దు గూకినంక ఆ బొంద పూడ్చుడు నా పని.

ఎర్రక్క నెత్తి మీది చుట్టబట్ట అరిగిపోయి
ఆమె కొంగే చుట్టబట్టాయె.
నీళ్లు కరువు. మన్ను తడుపనీకి
బియ్యం కడిగిన నీళ్లు, కుడితినీళ్లు,
ఆఖరుకు... చెప్పద్దు.
కోట గా వాసనేస్తది ఇప్పుడు.

నిన్న రాత్రి చంద్రుడు లేడు.
నడుముకు తాడు కట్టుకొని అగడ్త పక్కకు దిగిన,
గోడ అడుగున జారిన మన్ను ఎత్తనీకి.
కింద చప్పుడు. పార చప్పుడు.
ఆవలి దిక్కుకెల్లి ఒకడు అగడ్త పూడుస్తుండు.
తట్ట దించేటప్పుడు మోకాలు అడ్డంబెట్టి,
కుడిభుజం వంచి, ఒక్క దులుపు.
మా నాయిన గట్లనే దించేది.
ఏ దేశపోడో. ఏ నది ఒడ్డున మన్ను తవ్వెనో.
వాడు నన్ను జూసిండు.
ఒర్రితే ఇద్దరం సచ్చేటోళ్లమే.

వాడు ఒర్రలే.
నేను ఒర్రలే.
వాడు ఇంకో తట్ట పోసిండు.
నేను ఇంకో తట్ట ఎత్తిన,
వాడు పోసిన కుప్పలకెల్లే.

పొద్దుగాల నాయకుడు అడిగిండు:
"ఎన్ని దినాలు ఆగుతది బొల్లా?"
తూర్పున గుడారాలు, వాటెనుక గుడారాలు,
జొన్నచేనంతా గుడారాలే మొలిచినయి.
"వానొచ్చేదాక" అన్న.
వానొస్తే కరుగుతదో, గట్టిపడ్తదో చెప్పలే.
ఆయన అడుగలే.

కుండల గింజలు సగం దాటినయి.
కూలి ఎవరిస్తరో తెల్వది,
గెలిచినోడిస్తడా, ఓడినోడిస్తడా.
మొన్న ఎర్రక్క వాటిల పిడికెడు తీసి
వేయించి పిల్లకు పెట్టింది.
గంత లెక్క పోయింది. పోనీ.

తూర్పు మూల గోడ మళ్లా దగ్గింది.
తట్ట అందుకో.