తెల్లమచ్చ

ముత్తుకూరు రోడ్డులో మా రొయ్యల ప్లాంటు.
కాటా దగ్గరికి ఒక మనిషి కావాలి.
పొద్దున తొమ్మిదింటికే వరండా నిండింది,
ఒక్కో ఫైలు మీద ఒక్కో అంకె
వాళ్ళకన్నా ముందే వచ్చి కూర్చుంది.

కొమారి పోలేరయ్య. ఐదువందల డెబ్బై ఒకటి.
చుట్టూ ఎర్రసిరా సున్నా,
పై ఆఫీసు చుట్టింది.
తన అప్పు లోపలికొచ్చి
తన కుర్చీ లాక్కుందని
అతనికింకా తెలీదు.

"నలభై కౌంటా, యాభై కౌంటా,
కాటా లేకండానే చెప్తానమ్మా."
ట్రేలోంచి దోసెడు తీసి పోశాను చేతిలో.
"నలభై ఆరు."
తూచాం. నలభై ఏడు.

అప్పుడు సిగ్గేసింది నాకు.
"మీ లోను సంగతి చూశాం. అడిగి చూడాల్సింది."
నువ్వు ఎప్పుడు మీరైందో గమనించలేదు.
"ఏం జరిగిందో చెప్తారా?"

"కౌలు గుంట, రెండెకరాలు.
డెబ్బయ్యో రోజు తెల్లారేసరికి
గట్టెంబడి తేలినయ్. తెల్లమచ్చ.
మేత కొట్టుకు కట్టా. కరెంటుకు కట్టా.
రాత్రుళ్ళు గుంట కాసిన పిల్లోడికి
ముందుగాల కట్టా.
బ్యాంకు పెద్దది గదా, ఆగుద్దిలే అనుకున్నా.
ఆగలా."

ఆ కాయితానికి
కట్టనిదే తెలుసు.
కట్టిన వరుస తెలీదు.

ఫోను చేశాను పైకి.
"అది క్యాషు పెట్టె కాదు సార్, కాటా."
"రూలు రూలే."
మీ అంకె ఎంత సార్, అనబోయి
నా ఫ్లాటు ఈఎంఐ గుర్తొచ్చి
గుటక వేశాను.

రిమార్కుల గడి చిన్నది.
అడిగాం, చెప్పాడు, కౌంటు సరిగ్గా ఉంది
అని ఇరికించి రాశాను.
చాలుతుందో లేదో.

లేస్తూ అన్నాడు:
"నా గురించి ఏం రాసుండాదో
నాకూ ఒకటియ్యమ్మా."
జిరాక్సు తీసి ఇచ్చాను.
వేలు పెట్టి వరస వరసా చదివాడు,
రొయ్యలేరినట్టు.

"గుంట అప్పు నాదే. కాదన్ను.
ఈ మోటారు సైకిలు అప్పెవరిదమ్మా?
మూడేళ్ళ కిందటంట, ఒంగోల్లో అంట.
నాకు బండేడుంది,
సైకిలుండాది."

నిజమే.
పొద్దున గేటు పక్క గోడకు ఆనించి ఉంటే
నేనే పక్కకు జరిపించాను.
దానికి బెల్లు కూడా లేదు.