వేరుకు కణుపుంటదా

సిరొంచ తాలూకాలో మా బడి నల్లబల్ల మీద
‘కమళాచే ఖోడ్’ అని మరాఠీలో రాసి
తామర కాండం అని తెలుగులో చెప్పాను.
మూడో వరుసలోంచి ఓదెలు నవ్వాడు.
మన్నుల ఉండేది కాండం ఎట్లయితది సారూ,
వేరు గాదా?
పుస్తకంలో ఉంది అన్నాను.
అంతకు మించి నా దగ్గరేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే వాడు
వాళ్ల నాయనమ్మను బడికి తీసుకొచ్చాడు.
కాదు, తప్పు చెప్పాను.
నన్నే ఆమె దగ్గరికి తీసుకుపోయాడు.

స్వాతి కార్తె వెళ్లి పది రోజులు.
రొమ్ముదాకా నీళ్లలో ఎంకుబాయి
చేతులు రెండూ పైకెత్తి, ఎటో చూస్తూ నిలబడి ఉంది.
పనంతా కింద కాళ్లు చేస్తున్నాయి.

“రోహిణిల బురద వేడెక్కుతది.
పాత దుంప కొసన కన్ను తెరుచుకుంటది.
అప్పుడది చీపురుపుల్లంత.
పైకి రాదు, అడ్డం పోతది,
మూరకో కణుపు, కణుపుకో ఆకు,
ఆకు కింద కుచ్చు లెక్క వేర్లు.
గవ్వి వేర్లు.
వేరుకు కణుపుంటదా సారూ?”

ఓదెలు నా ముఖం చూడలేదు. గట్టు మీది పీతను చూశాడు.

తొలి ఆకులు నీటి మీద పళ్లేల్లా పరుచుకుంటాయట,
వెనక వచ్చేవి లేచి నిలబడతాయట.
ఒక కాడ విరిచి నా పెదవులకు ఆనించింది.
ఊదాను.
బోలు గదుల్లోంచి గాలి చెయ్యి దాటి
నీళ్లలో బుడబుడమంది.
గాలి చొరని ఆ నల్ల బురదలోకి
లేత ఆకు ఊపిరి దింపుతుంది,
ముసలాకు దాన్ని బయటికి వదులుతుంది.

పుబ్బ దాకా పరుగే.
పొద్దు కురచైనంక ఆగుతది, అంది.
పొద్దు కురచైందని దానికెట్లా తెలుసు?
“నీకెట్ల ఎరుక? దానికి ఆకున్నది.”

అప్పుడు చూపించింది, నేను దాటేసి వచ్చినదాన్ని:
అరచేయంత ఆకు,
మందంగా, అంచులు ముడుచుకుని,
గొడుగు కావడం మానుకున్నట్టు.
అదే ఆఖరిది.
దాని ముందరి ఆకు నుంచి దాని మీదుగా
చూపుతో ఒక తాడు లాగాలి,
తాడు పోయిన దిక్కున బొటనవేలు దింపాలి.
అక్కడ పరుగు లోతుకు తిరుగుతుంది.
మూరలు జానలవుతాయి,
కణుపుకూ కణుపుకూ నడుమ
వానాకాలమంతా ఆకులు తిన్న ఎండ
తెల్లని పిండై దిగుతుంది.
మూడు, మహా అయితే నాలుగు గుండ్లు.
వెనకటి తీగ కుళ్లి తెగిపోతుంది,
తల్లెవరో అడగడానికి దారి ఉండదు.

చెరువు నడుమ వెదురు గుంజలున్నాయి.
ఇటు మా ఊరి మచ్చీమార్ సొసైటీ, అటు పక్కూరి గుత్త.
నిరుడు ఆకు ఇటుంది, దుంప అటు ఊరింది.
ఎంకుబాయి కాలు గుంజల కింద నుంచి పోయింది.
మా బురద అని వాళ్లు.
మా ఎండ అని ఈమె.
గోనెసంచి పోలీస్ పాటిల్ అరుగు మీద పెట్టి
తడిపి తడిపి పంచనామా రాశారు.
ఎండాకాలానికి సంచిలోంచి
రెండు మొలకలు బయటికొచ్చి
అరుగు దిగడం మొదలుపెట్టాయి.

నేనూ ప్యాంటు మడిచి దిగాను.
వేలికి తగిలింది, నున్నగా,
నిద్రలో ఉన్న బిడ్డ మోచెయ్యిలా.
తొందరపడ్డాను. ఫట్‌మంది.
పైకి తీస్తే తొమ్మిది రంధ్రాలు,
తొమ్మిదింట్లోనూ మన్ను.
“బురద తాగింది. ఇగ సంతకు పోదు.”
తిట్టలేదు. కొసముక్క మాత్రం నా చేతిలోంచి లాక్కుని
మొగ్గ చెడకుండా మళ్లీ బురదలోకి తొక్కింది.

ఆరునెలల పరీక్షలో
తామర కాండం బొమ్మ గీయమన్నాను.
అందరూ పుస్తకం బొమ్మే గీశారు, పువ్వుతో సహా.
ఓదెలు ఒక పాదం గీశాడు,
పగిలిన మడమ, ఎడంగా విచ్చిన వేళ్లు,
బొటనవేలి దగ్గర బాణం గుర్తు పెట్టి
‘కణుపు’ అని రాశాడు,
తెలుగులో.