తీగ మీది మరక

నర్సంపేట లైన్‌మన్ ఓదెలు
రాత్రి తొమ్మిది దాటాక ఫోటోలు పంపుతాడు,
కరెంటు పోయిందనే ఫోన్లు సద్దుమణిగాక.
ఆకాశం బోలెడు. తీగ ఒకటి.
తీగ మీద, ఎవరో సిరా విదిలించినట్టు, ఒక మరక.
"అక్కా, గిది ఏం పిట్ట?"

హన్మకొండలో నా వంటింటి గట్టు మీద
చింతపండు నానుతుంటుంది.
తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని
రెండు వేళ్లతో మరకను సాగదీస్తాను.
పెద్దదయ్యేకొద్దీ పిట్ట తగ్గిపోతుంది,
గళ్లు మిగులుతాయి.

తోక ఎత్తి ఉందా, దించి ఉందా?
కన్ను మీద గీత ఉందా?
కాళ్లు నలుపా?
"కాళ్లెక్కడ కనవడ్డయక్కా,
లైన్ బంద్ జేసి స్తంభమెక్కిన.
ఒక్క చేత్తోనే దీసిన."

కాలేజీ ల్యాబులో ముప్ఫై ఏళ్లు
గాజు బీరువాలోని పిట్టల దుమ్ము దులిపింది నేనే.
అవి కదలవు.
కాళ్లకు కట్టిన చీటీలు సగం చెద తినేసింది.
పేరు గట్టిగా తెలిసిన పిట్టలన్నీ
దూది కూరినవే కదా అనిపించి ఓరోజు
తాళం వేసి చాయ్‌కి పోయాను.

మొన్న పంపినది మరీ అన్యాయం.
ఏరేసిన పత్తిచేను.
మోడు చివర మట్టిరంగు ఏదో.
లికుజిట్ట కాదు, తోక పొట్టి.
ఆడ నల్లంచా? కంపనల్లంచా?
పుస్తకంలో మగపిట్టలకు పేజీ నిండా రంగు,
ఆడవన్నీ ఒకే అడుసుతో చేసినట్టుంటాయి.

"ఏమన్న కూసిందా?"
చాలాసేపు జవాబు లేదు.
తర్వాత ఒక వాయిస్ వచ్చింది. పిట్టది కాదు.
వాకిట్లో, చీకట్లో,
ఓదెలు రెండు కంకరరాళ్లు కొట్టి వినిపిస్తున్నాడు.
టక్. టక్‌టక్.
కుక్క మొరిగింది. వెనకనుంచి వాళ్లావిడ కొంరవ్వ,
"గట్ల గాదు, మెల్లగ గొట్టు" అని
రాళ్లు లాక్కుని తానే కొట్టింది.

అప్పుడు తెలిసింది నాకు.
చలికాలం చుట్టం.
ఏ మంచుదేశం నుంచో మన పత్తిమోళ్ల మీదికి వస్తుంది.
పుస్తకంలోని పేరు టైపు చేస్తుంటే
ఇంకో వాయిస్, కొంరవ్వదే:
"కంకరపిట్ట గదా అది, గంత సేపు సూస్తరా?"
టైపు చేసింది చెరిపేశాను.

నిన్న రాత్రి మళ్లీ ఒకటి.
ఆకాశం, తీగ. మరక కూడా లేదు.
"పిట్టేదయ్యా?"
"లేసిపోయిందక్కా. తీగె సూడు."
సాగదీసి చూశాను.
తీగ ఒక్కచోట మాత్రం
రెండుగా ఉంది.