పిండి కానివి

ముప్ఫై ఒక్క ఏళ్లు
గ్యూమ్రి పిండిమరలో రోలర్ల దగ్గర నిలబడ్డాను.
నా ముందునుంచి ఎన్ని రైలుపెట్టెల గోధుమ పోయిందో
నా చెవుల్ని అడగాలి, సగం అరిగింది అవే.
ఇన్నేళ్లలో ఒక్క గింజనీ
గింజగా తిన్న పాపాన పోలేదు.

మర మూతపడి నాలుగేళ్లు.
పిండి నన్ను వదిలింది గాని
మొన్న మంచుమెట్ల మీద జారిన షోఘిక్‌కి
కుడిచేతి నిండా పిండికట్టు.
కుర్చీలో కూర్చుని, ఎడమ చూపుడువేలితో
వంటిల్లంతా నడిపిస్తోంది:
"కడుగు. ఇంకా కడుగు, వర్ద్‌గెస్.
నీళ్లలో నీ మొహం కనబడాలి."
కనబడింది.
కనుబొమ్మల మీద ఇంకా పిండే అనుకుని
తుడుచుకున్నాను కూడా.

రాత్రంతా నానాయి.
గులకరాళ్లలాంటివి
తెల్లారేసరికి పసిపిల్లల చెవితమ్మెలు.

పొయ్యి మీద రెండు గంటలు.
ఒక్కటి పట్టి చూస్తే చాలదా అంటే నవ్వింది:
"నీ మరలో అన్నీ ఒకేసారి నలిగేవి.
గిన్నెలో ఎవరి తొందర వాళ్లది."
నిజమే. ఒకటి పొట్ట చిట్లి తెల్లగా నవ్వుతోంది,
పక్కది బిగదీసుకుని కూర్చుంది
ఫొటోకి కూర్చున్న మా బావమరిదిలా.

మూత తీసినప్పుడల్లా ఆ వాసన.
మరలో వేడెక్కిన పిండి వాసన కాదు.
వానలో తడిసిన గోనెసంచి,
దాని అడుగున ఎక్కడో కాచిన పాలు.
ఇన్నాళ్లూ నా పక్కనే ఉండి
ఈ సంగతి నాకు చెప్పనే లేదు.

మావాళ్లు దీన్ని ఆతమ్‌హాతిక్ అంటారు.
ఆతమ్ పన్ను, హాతిక్ గింజ.
మనవరాలు నాజెలికి గురువారం
కింది చిగురులో రవ్వంత తెల్లగా మొలిచింది.
కోడలు అర్పినె చెంచాతో తట్టి చూపించింది,
టిక్కుమంది.
ఆ చప్పుడుకి మేడమీది స్తార్తుహి కూడా దిగొచ్చింది,
కట్టుడుపళ్లు గ్లాసులోనే వదిలేసి.

తివాచీ మీద పాపని కూర్చోబెట్టి
తల మీద తెల్లగుడ్డ పరిచి
గుప్పిళ్లతో గింజలు పోశారు, ఎండుద్రాక్షలు పోశారు.
ఏడవలేదు. గుడ్డ కిందనుంచి తుమ్మింది.
ముందు దువ్వెన, కత్తెర, పుస్తకం, థర్మామీటరు:
ఏది పట్టుకుంటే అదే బతుకుదెరువట.
ఎవరూ చూడకుండా నేనూ
మరలోంచి తెచ్చుకున్న చిన్న జల్లెడ పెట్టాను.
అర్పినె చూసింది. తియ్యలేదు.
కాస్త వెనక్కి జరిపింది.

నాజెలి పుస్తకాన్ని తన్నింది,
కత్తెర వైపు చూడనైనా చూడలేదు.
ఒళ్లో పడ్డ గింజనొకదాన్ని
వాచీలు బాగుచేసేవాడిలా రెండు వేళ్లతో ఎత్తి
నోట్లో పెట్టుకుంది.

అర్పినె ముందుకు ఉరికింది.
"ఉడికిందేలే" అని షోఘిక్.
ఆ ఒంటిపన్ను దాని మీద పనిచేసింది,
నేను రోలర్ల మధ్య సందు సరిచేసేప్పటి శ్రద్ధతో,
చొంగ కారుస్తూ, కళ్లు మిటకరిస్తూ.
చివరికి నా అరచేతిలో ఉమ్మేసింది.
ఒక్క గాటు.
తక్కినదంతా చెక్కుచెదరలేదు.
దాన్ని నేనే తినేశాను.

అందరూ వెళ్లాక మిగిలింది ఒక గిన్నెడు.
అక్రోటు పలుకులు, తేనె, దానిమ్మ గింజలు కలిపి
షోఘిక్‌కి ఒక చెంచా, నాకు ఒక చెంచా.
పంటి కింద ముందు బెట్టుచేసి
తర్వాత టప్పున లొంగిపోతోంది ఒక్కోటీ.
మాటలు సాగవు, నమలడంతోనే సరి.
"ఇంతసేపు నమలాలా?" అన్నాను.

"ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరందరికీ నమిలిపెట్టావు.
ఇప్పుడు నీది నువ్వు నములు" అంది.

నమిలాను.
కుడిపక్క దవడపన్ను ఒకటి కదులుతోంది.
ఆమెకి చెప్పలేదు.