కోళ్ళగూటి మడతబందు

ముందు కోళ్ళకి చెప్పుకోవాలి క్షమాపణ.
గూటి తలుపు ఊడదీసి
తుప్పు గీకి, కుట్టుమిషను నూనె పోసి
ఆ మడతబందునే తెచ్చింది ఎదెల్మీరా.
కొత్తది బజార్లో దొరక్క కాదు.
"పన్నెండేళ్ళుగా ప్రతి పొద్దూ తెరుచుకుంది,
నిదానం దీనికి అలవాటు" అంది.

రెండు పలకలు, ద్రాక్షపెట్టెలవి.
ఒకదాని మీద ఇంకా సగం ఎగుమతి ముద్ర.
బందు నుంచి రెండువందల ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దూరాన
ఒక చిల్లు,
చిల్లులో మరలున్న కడ్డీ,
కడ్డీ అడుగున సైకిలు పెడలు.
పైన, తెర మూల పగిలిన రెండోచేతి కెమెరా.
నిమిషానికి ఒక చుట్టు తిప్పితే
పై పలక భూమి పరుగుని రద్దు చేస్తుందట.
ఆ అరమిల్లీమీటరు కోసం
కంసాలి త్రాసు దగ్గర పోట్లాడినట్టు పోట్లాడుకున్నాం.

నేను ద్రాక్ష సర్దే షెడ్డుకి రాత్రి కాపలా.
నాకు వచ్చిన విద్య మెలకువ ఒక్కటే.
గడియారం నా చేతికిచ్చింది:
"నువ్వు లెక్కపెట్టు, నేను తిప్పుతా."

ఎల్కీ లోయలో చీకటికి లోతుంటుంది,
చేద వేసి తోడుకోవచ్చు.
ఎదురు కొండ మీద తెల్ల గుమ్మటాలు.
అక్కడి వంటశాలలో ఆమె తొమ్మిదేళ్ళు పళ్ళేలు కడిగింది,
రాత్రంతా ఆకాశం చూసినవాళ్ళు
తెల్లారి తిని పడుకున్న పళ్ళేలు.
వాళ్ళు చూపిస్తామనలేదు. ఆమె అడగలేదు.
ఉప్పెక్కువైందని మాత్రం ఒకాయన చెప్పాడట.

మొదటి రాత్రి బొమ్మలో చుక్కలన్నీ గీతలు.
ఊరికే గట్టు మీద పెట్టి తీసినా
అందులో సగమే పడేది గీత.
అరమిల్లీమీటరు మీద వేశాం నెపం,
కోళ్ళ మీద, నా లెక్క మీద.
తెల్లారగట్ల టీలో చెంచా తిప్పుతూ ఆమె ఆగిపోయింది.
ఆ కొలతలు గీసినవాడు ఉత్తరాదివాడు.
వాడి ఆకాశం వాడి ధ్రువుడి చుట్టూ ఎడమకి తిరుగుతుంది,
మనది కుడికి.
రాత్రంతా మేం
భూమికే సాయం పట్టాం.

బందుని అటు మార్చి బిగించాం.
ఇక గురి దేనికి?
ఉత్తరాదివాళ్ళకి ఒక చుక్క ఉంది, కదలనిది,
ఏదో దేశంలో దాన్ని కొత్త దంపతులకి చూపిస్తారట.
మాకక్కడ ఏమీ లేదు.
సిలువ పాదం నుంచి నాలుగున్నర సిలువలు కొలిచి
ఆగినచోట
పిడికెడు నలుపు.
బడిపిల్లాడి కోణమానిని సాక్షిగా ముప్ఫై డిగ్రీలు వంచి
ఆ నలుపుకే బందుని ఎక్కుపెట్టింది.
ఆకాశం గానుగెద్దు,
నడుమ గానుగే లేదు.

పదిహేను సెకన్లకి పావుచుట్టు.
"పావు" అంటాను. తిప్పుతుంది.
"పావు."
ఊపిరి పక్కకి వదులుతుంది, పలకకి తగలకుండా.
కుక్క మొరిగింది. "పావు."
కింద రోడ్డు మీద లారీ, దాని దీపం కొండని నాకి పోయింది. "పావు."
ఆరు నిమిషాలు.
పెళ్ళిలో పాదిరీ మాట కూడా
ఇంతసేపు వినలేదంది తర్వాత.

చుక్క
చుక్కగా పడింది.
వెన్నెల కాదు, మంచు కాదు,
మాగెల్లాన్ మేఘం, జల్లెడ దులిపినప్పటి పిండిలా.
ఒక్కో పిండిరేణువూ విడివిడిగా.

బొమ్మ అంచున కొండ మాత్రం చెరిగిపోయింది.
ఒనోఫ్రే పొడుగాటి చెట్టు పొగలా సాగింది.
కంచె పక్కన గడియారం పట్టుకుని
నేనొక మరక.
ఒనోఫ్రే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు:
"చెట్టు కదిలింది. ఆ రాత్రి గాలే లేదే."
ఎదెల్మీరా ఏమీ చెప్పలేదు,
అతని పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.

ఇవాళ్టికీ గూటి తలుపుకి తాడే.
పొద్దున విప్పాలి, మాపటికి కట్టాలి.
కోళ్ళు నన్ను ఒంటికంట చూస్తాయి.
నూకలు చల్లుతూ
"పావు" అంటాను వాటితో.